డ్రాగన్ పేరులోకి చేప ఎలా దూరింది? ఫిన్నిష్ ‘లొహిక్యార్మె’ పుట్టుపూర్వోత్తరాలు

ఫిన్లాండ్‌లో డ్రాగన్‌ను ‘లొహిక్యార్మె’ అంటారు. ‘క్యా’ను బ్యాంకులోని ‘బ్యా’లాగా పలకాలి. ఈ మాటను రెండుగా విడదీస్తే చిక్కు మొదలవుతుంది. ఫిన్నిష్‌లో లొహి అంటే సాల్మన్ చేప, క్యార్మె అంటే పాము. కలిపి చదివితే ‘సాల్మన్ పాము’. నిప్పులు కక్కే రెక్కల జంతువుకీ, ఏటికి ఎదురీదే చేపకీ ఏమిటి సంబంధం? భాషల మీద సరదా ఉన్నవాళ్ల మధ్య ఈ వింత తరచూ చక్కర్లు కొడుతుంటుంది. డ్రాగన్‌కు పొలుసులుంటాయి, చేపకూ పొలుసులుంటాయి, అందుకే ఆ పేరు అని ఒక వివరణ. ఫిన్నులు చేపలు పట్టుకుని బతికేవాళ్లు కాబట్టి ప్రతిదాన్నీ చేపతోనే పోల్చారని ఇంకో వివరణ. వినడానికి బాగానే ఉంటాయి. రెండూ తప్పే.

క్లుప్తంగా చెప్పాలంటే: ఈ మాటలోని లొహి అసలు చేపే కాదు. పాత స్వీడిష్‌లో ‘ఎగిరే డ్రాగన్’ అనే అర్థంతో ‘ఫ్లొగ్‌ద్రాకి’ అన్న మాట ఉండేది. అందులో ‘ఎగిరే’ అన్న సగాన్ని ఫిన్నులు చెవికి వినిపించినట్టు తీసుకున్నారు. ‘డ్రాగన్’ అన్న సగాన్ని అర్థం చూసి అనువదించుకున్నారు. చెవితో తీసుకున్న సగం ఫిన్నిష్ నోటికి తగ్గట్టు మారి, అప్పటికే భాషలో ఉన్న చేప పేరుతో అచ్చంగా కలిసిపోయింది.

విడదీస్తే అర్థం దొరికే భాష

ఈ మాట ఫిన్నులకే వింతగా తోచడానికి వాళ్ల భాష తీరే కారణం. ఫిన్నిష్ నిండా సమాసాలే. 1951 నుంచి 1961 వరకు సంపుటాలుగా వెలువడిన ఆధునిక ఫిన్నిష్ మహానిఘంటువులో రెండు లక్షలకు పైగా పదాలుంటే, వాటిలో సుమారు మూడింట రెండు వంతులు సమాసాలే. ఆ సమాసాలు ఎక్కువగా నిజాయితీపరులు, విడదీస్తే అర్థం దాచకుండా చెప్పేస్తాయి. కంప్యూటర్ ‘తియెతొకొనె’: తియెతొ అంటే సమాచారం, కొనె అంటే యంత్రం. ఫ్రిజ్ ‘యాకాప్పి’: మంచు బీరువా. ఫుట్‌బాల్ ‘యల్కపల్లొ’: కాలిబంతి. ప్రపంచం ‘మాఇల్మ’: మా అంటే నేల, ఇల్మ అంటే గాలి.

వాళ్ల నేలమీద లేని జంతువులకూ ఇదే పద్ధతి. తాబేలు ‘కిల్పికొన్న’, అంటే డాలు మోసే కప్ప. నీటిగుర్రాన్ని ‘విర్తహెపొ’ అంటారు, అంటే ప్రవాహంలోని గుర్రం. తెలుగులో మనం చేసిందీ అదే. ఇలాంటి మాటల మధ్య పెరిగిన పిల్లలు లొహిక్యార్మెను కూడా అదే కత్తితో కోస్తారు. కత్తి సరైనదే, కోత కూడా సరైన చోటే పడుతుంది. కానీ బయటపడ్డ మొదటి ముక్క తన అసలు పేరు చెప్పదు.

స్వీడిష్ నీడలో పెరిగిన మాటలు

ఫిన్లాండ్ 1809లో రష్యా చేతికి వెళ్లేదాకా శతాబ్దాలపాటు స్వీడన్ రాజ్యంలో భాగం. పాలన, న్యాయస్థానం, పెద్ద వ్యాపారం స్వీడిష్‌లో సాగేవి. క్రైస్తవం అక్కడికి చేరిందీ ప్రధానంగా స్వీడన్ మీదుగానే. డ్రాగన్ అనే ఊహ వెంట వచ్చిన సామగ్రి కూడా చాలావరకు చర్చిదే: డ్రాగన్‌ను చంపే సెయింట్ జార్జ్, దాన్ని తొక్కిపట్టే దేవదూత మైకేల్, బైబిల్ చివర ఉన్న ప్రకటన గ్రంథంలోని ఏడుతలల ఎర్ర డ్రాగన్. స్టాక్‌హోమ్ పెద్ద చర్చిలో 1489లో ప్రతిష్ఠించిన సెయింట్ జార్జ్ చెక్క శిల్పం ఇప్పటికీ ఉంది. గుర్రం కాళ్ల కింద గింజుకుంటున్న డ్రాగన్‌ను చూస్తే, ఆ కాలపు మనుషుల ఊహలో దానికి ఎంత చోటుండేదో తెలుస్తుంది.

పాత స్వీడిష్ అని పండితులు పిలిచే దశ సుమారు 1225 నుంచి 1526 వరకు. ఆ భాషలో ద్రాకి అంటే డ్రాగన్. దానికి ముందు ‘ఫ్లొగ్’ చేరిస్తే ఎగిరే డ్రాగన్. స్కాండినేవియా ప్రాచీన భాష పాత నార్స్‌లోనూ ఇదే నిర్మాణంతో ‘ఫ్లుగ్‌ద్రెకి’ అన్న మాట ఉంది. అంటే ఇది స్వీడిష్‌లో ఎవరో ఒకరు సరదాగా అల్లింది కాదు, ఉత్తర ఐరోపాలో బాగా పాతుకున్న సమాసం. నేలమీద పాకే మామూలు పాముకూ, రెక్కలున్న ఈ జంతువుకూ తేడా చెప్పడానికి ‘ఎగిరే’ అన్న విశేషణం అవసరమైంది.

ఫిన్నిష్‌ను రాతలో పెట్టడం 1540ల్లో మొదలైంది. మికాయెల్ అగ్రికోల అనే మతగురువు 1543 ప్రాంతంలో అక్షరాల పుస్తకం, 1548లో కొత్త నిబంధన అనువాదం అచ్చు వేయించాడు. లొహిక్యార్మెలో దాక్కున్నది పాత స్వీడిష్ ధ్వనులు. కాబట్టి జనం నోళ్లలో ఈ మాట రాతకంటే ముందే నలిగి ఉండాలి.

నోరు మార్చిన సగం

ఫ్లొగ్ లొహిగా మారడం చూడ్డానికి పెద్ద దూకుడులా ఉంటుంది. నిజానికి మూడు చిన్న అడుగులు, మూడూ ఫిన్నిష్‌లో మామూలే.

మొదటిది, పాత ఫిన్నిష్ నోటికి పదాది సంయుక్తాక్షరం పడదు. రెండు మూడు హల్లులు వరసగా వస్తే చివరిది ఉంచి ముందున్నవి వదిలేస్తుంది. స్వీడిష్ ‘గ్లాస్’ ఫిన్నిష్‌లో ‘లసి’ అయింది. అమ్మాయి అనే అర్థమున్న ‘ఫ్లిక్కా’ ‘లిక్క’గా మిగిలింది. పంది మాంసాన్ని చెప్పే ‘ఫ్లెస్క్’ కొవ్వు అనే అర్థంతో ‘ల్యాస్కి’ అయింది. స్టాక్‌హోమ్ నగరాన్నే ‘తుక్‌హొల్మ’ అంటారు. స్వీడిష్ బడి ‘స్కూలా’ ‘కౌలు’గా మారింది, కౌలు రైతులతో దానికి ఏ సంబంధమూ లేదు. తెలుగు నోరు ఇలాంటి చోట్ల ఒక్కో మాటకు ఒక్కో దారి వెతుక్కుంటుంది: స్కూలు ముందు అచ్చు తగిలించి ఇస్కూలు అంటుంది, గ్లాసు మధ్యలో అచ్చు దూర్చి గలాసు అంటుంది. స్టేషన్‌ను టేసను అన్నప్పుడు మాత్రం అచ్చంగా ఫిన్నుల దారిలోనే నడుస్తుంది.

రెండవది, ఫ్లొగ్ చివర ఉన్నది గట్టి ‘గ’ కాదు. గొంతులో ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. ఫిన్నిష్‌లో అది లేదు, దగ్గరగా ఉన్నది ‘హ’.

మూడవది, హల్లుతో ముగిసే అరువు మాటకు ఫిన్నిష్ చివర ‘ఇ’ చేరుస్తుంది, తెలుగు ‘ఉ’ చేర్చినట్టుగా. మన బస్సు అక్కడ బుస్సి, మన బ్యాంకు అక్కడ పంక్కి.

ఈ మూడూ వరసగా జరిపితే ఫ్లొగ్ లొగ్ అవుతుంది, లొగ్ లొహ్ అవుతుంది, లొహ్ లొహి అవుతుంది. అక్కడ ఇంకెవరూ ఏమీ చేయనక్కర్లేదు. ఎందుకంటే లొహి అనే మాట ఫిన్నిష్‌లో వేల ఏళ్లుగా ఉంది, ప్రతి నదీ తీరంలోనూ వినపడే మాట. అర్థం తెలియని కొత్త ధ్వని వచ్చి అర్థం తెలిసిన పాత పదం ఒళ్లో కూర్చుంది. ఇలాంటి కలయికను భాషావేత్తలు జానపద నిరుక్తి అంటారు. ఇంగ్లీషులో క్రేఫిష్‌కు కూడా ఇదే జరిగింది. పాత ఫ్రెంచి ‘క్రెవిస్’ చివర ఇంగ్లీషు చెవికి ఫిష్ వినిపించడంతో, చేప కానిది చేపైపోయింది. హిందీవాళ్లు పాలక్ అనేదాన్ని మనం పాలకూర అంటాం. మొదటిసారి విన్న పిల్లాడికి అందులో పాలు తప్ప ఇంకేం వినపడతాయి?

అర్థం మార్చిన సగం

రెండో సగం దారి వేరు. ద్రాకిని కూడా చెవితోనే తీసుకుని ఉంటే ‘రాకి’ లాంటిదేదో పుట్టి ఉండేది. అలా జరగలేదు. వినేవాడికి ఆ జంతువు ఏ జాతిదో తెలియాలి కాబట్టి, దాని బదులు పామును పెట్టారు. ఐరోపా మధ్యయుగపు బొమ్మల్లో డ్రాగన్ సగం పామే. బైబిల్లో కూడా ప్రకటన గ్రంథం 12వ అధ్యాయం మహా డ్రాగన్‌ను ‘ఆది సర్పం’ అనే పిలుస్తుంది.

సగం అరువు, సగం సొంతం అయిన ఇలాంటి సమాసాలు తెలుగులోనూ కావలసినన్ని. రైలుబండిలో రైలు బయటిది, బండి ఇంటిది. సోడాబుడ్డి కూడా అంతే. తెలియని ముందుభాగాన్ని తెలిసిన వెనుకభాగం పట్టి నిలబెడుతుంది. రైలంటే ఏమిటో తెలియని పాతకాలపు మనిషికి కూడా అదొక బండి అని అర్థమైపోతుంది. లొహిక్యార్మెలో క్యార్మె చేసే పని అదే. అయితే రైలు అనే ధ్వనికి తెలుగులో ముందే వేరే అర్థం లేదు. అందుకే రైలుబండి ఎవర్నీ తికమకపెట్టలేదు.

తెలుగు బైబిలు అనువాదకులకూ సరిగ్గా ఇదే చిక్కు ఎదురైంది. ఇక్కడి కథల్లో సరిపోయే జంతువు లేదు. ప్రకటన గ్రంథంలో వాళ్లు వాడిన మాట ‘మహా ఘటసర్పము’. వెనుక భాగం పామే. ముందున్న ఘటానికి కుండ అని అర్థం చెప్పుకున్నవాడు మళ్లీ ఫిన్నిష్ పిల్లాడి పరిస్థితిలోనే పడతాడు. ఫిన్నిష్ బైబిలు 1776 ముద్రణలో అదే చోట ‘లొహిక్యర్మె’ అని ఉంది. పాము మాటలో అచ్చు అప్పటికి ఇంకా పొట్టిది.

లౌహి అనే పక్కదారి

చేప కథ నచ్చనివాళ్లకు ఇంకో దారి కనిపించింది. ఈ మాటకు ‘లౌహిక్యార్మె’ అనే రూపం కూడా ఉంది. లౌహి అంటే బండరాళ్లు, రాతిగుట్ట. గుహలో కాపురముండే డ్రాగన్‌కు ‘రాతిపాము’ సరిపోయినట్టే ఉంటుంది. పైగా ఫిన్నిష్ జానపద గాథల్లో ఉత్తర దేశపు మంత్రగత్తె పేరు లౌహి. ఆ పేరుకు డ్రాగన్‌తో ముడిపెట్టాలనే కోరిక కలగడం సహజం.

ఇది కూడా జానపద నిరుక్తి పనే అనిపిస్తుంది. ఒక ధ్వనికి అర్థం దొరకనప్పుడు జనం ఒక్క చోటే ఆగరు. ఒకరు చేపను తగిలిస్తారు, ఇంకొకరు రాయిని తగిలిస్తారు. మూలం నిజంగా రాయే అయితే, స్వీడిష్‌లో అదే జంతువుకు అదే కూర్పుతో, ఇంచుమించు అదే ధ్వనితో ఒక సమాసం ఎందుకుందో వేరుగా చెప్పాల్సి వస్తుంది. ఫ్లొగ్‌ద్రాకి దారిలో ఆ ఇబ్బంది లేదు: మూలపదం దొరుకుతుంది, ధ్వని మార్పుకు లసి, లిక్క లాంటి సాక్షులున్నారు, రెండు భాషలవాళ్లు కలిసి బతికిన చరిత్రా ఉంది. చేప–పాము కలిసిన జంతువు కథ మాత్రం ఫిన్నిష్ జానపదంలో ఎక్కడా దీనికి ఆధారంగా నిలబడదు.

నిజమైన లొహి, నిజమైన క్యార్మె

సమాసానికి రెండు వంశవృక్షాలుంటాయి, మొత్తానికి ఒకటి, ముక్కలకు ఒకటి. మొత్తం స్వీడిష్ నుంచి వచ్చిందని తేలింది. మరి చేప పేరు లొహి, పాము పేరు క్యార్మె ఎక్కడివి? ఫిన్నిష్ ఉరాలిక్ కుటుంబపు భాష. హంగేరియన్, ఎస్టోనియన్ దాని చుట్టాలు. సంస్కృతం, ఇంగ్లీషు, స్వీడిష్ లాంటి భాషలున్న ఇండో యూరోపియన్ కుటుంబంతో రక్తసంబంధం లేదు. అయినా ఈ రెండు మాటలూ ఇండో యూరోపియన్ ఇంటివే అంటారు నిరుక్తకారులు. అవి వచ్చింది బాల్టిక్ భాషల నుంచి, అంటే ఇప్పటి లిథువేనియన్, లాట్వియన్‌ల పూర్వీకుల నుంచి.

లిథువేనియన్‌లో సాల్మన్ ‘లషిషా’, లాట్వియన్‌లో ‘లసిస్’. ఆనాటి ‘ష’ ఫిన్నిష్‌లో క్రమంగా ‘హ’గా మారింది, అందుకే లొహి. జర్మన్ ‘లాక్స్’, రష్యన్ ‘లొసోస్’ కూడా ఈ వరసలోవే. ఇంకా ఆశ్చర్యం, మధ్య ఆసియా ఎడారుల్లో దొరికిన తొఖారియన్ (అంతరించిపోయిన ఇండో యూరోపియన్ భాష) రాతప్రతుల్లో ‘లక్స్’ అంటే మామూలు చేప. ఈ ఒక్క చేప పేరును పట్టుకుని ఇండో యూరోపియన్ల ఆదిమ నివాసం ఎక్కడ అన్న దానిపై పండితులు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. సాల్మన్ ఉన్న నదుల దగ్గరే వాళ్లు పుట్టి ఉండాలని ఒక పక్షం, ఆ పేరు మొదట వేరే చేపకు ఉండేదేమో అని ఇంకో పక్షం. ఈ వాదంలోనే జర్మన్ సంస్కృత పండితుడు పాల్ థీమే ఒక ఊహ ముందుకు తెచ్చాడు. సంస్కృతంలోని లక్ష అన్న సంఖ్య గుంపులుగా వచ్చే సాల్మన్ నుంచి, లాక్ష అన్న ఎర్రరంగు దాని ఎర్రటి కండ నుంచి వచ్చాయని. మన లక్క ఆ లాక్ష సంతతే. థీమే ఊహను చాలామంది ఒప్పుకోలేదు. చేప నుంచి లక్షకు వేసిన వంతెన మరీ పొడవు.

పాము విషయంలో మాత్రం వంతెన గట్టిది. క్యార్మెను లిథువేనియన్ ‘కిర్మిస్’తో కలుపుతారు. దాని అర్థం పురుగు. కిర్మిస్‌కు సంస్కృతంలో తోబుట్టువు కృమి, తెలుగులో మనం రోజూ వాడే క్రిమి. క్రిమిసంహారక మందు డబ్బా మీద ఉన్న మాటకూ, ఫిన్నిష్ డ్రాగన్‌లోని రెండో సగానికీ ముత్తాత ఒకడే అన్నమాట. ఫిన్నిష్‌లో చుట్టడానికి ‘క్యారియా’ అనే క్రియ ఉంది. పాము చుట్ట చుట్టుకుంటుంది కాబట్టి ఆ క్రియ ప్రభావంతోనే పొట్టి అచ్చు సాగి క్యార్మె అయిందని కొందరి అభిప్రాయం. ఫిన్నులకు సొంత పాము మాట లేకపోలేదు. విషసర్పాన్ని చెప్పే ‘క్యూ’ హంగేరియన్ ‘కీద్యో’కు చుట్టం, ఉరాలిక్ సొత్తు. కానీ అది ఒక జాతి పాముకే పరిమితమైపోయింది, మొత్తం పాములకు అరువు మాటే నిలిచింది.

బాల్టిక్ నుంచి ఇలా వచ్చిన జంతువుల పేర్లలో ‘హన్హి’ కూడా ఉంది, అంటే బాతు జాతి పెద్ద పక్షి. సంస్కృత హంసకు అది దూరపు బంధువు. తెలుగూ ఇండో యూరోపియన్ భాష కాదు, ఫిన్నిష్ కూడా కాదు. ఇద్దరూ ఒకే పెద్దింటి నుంచి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు గుమ్మాల దగ్గర హంసనూ క్రిమినీ అరువు తెచ్చుకున్నారు.

ఫిన్నులు వదిలేసిన ద్రాకి కథ కూడా చిన్నది కాదు. స్వీడిష్‌కు అది జర్మన్ ప్రాంతాల నుంచి, అక్కడికి లాటిన్ ద్రాకో నుంచి, లాటిన్‌కు గ్రీకు ద్రాకోన్ నుంచి చేరింది. గ్రీకు మాటను ‘చూడడం’ అనే ధాతువుతో కలుపుతారు, గుచ్చి చూసే కళ్లున్న జంతువు కాబట్టి. సంస్కృతంలో ఆ ధాతువు ‘దృశ్’. దృష్టి, దర్శనం అందులోంచే వచ్చాయి.

సింహానికి కూడా తప్పలేదు

తమ అడవుల్లో లేని జంతువుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఫిన్నిష్ అనువాదకులు ఎప్పుడూ ఒకే దారి పట్టలేదు. పాత ఫిన్నిష్ బైబిల్లో సింహం ‘యలొపెఉర’. యలొ అంటే ఉదాత్తమైనది. పెఉర అంటే ఇప్పటి ఫిన్నిష్‌లో దుప్పి జాతి జంతువు. ‘ఘనమైన దుప్పి’ సింహమా అని నేటి పాఠకుడు నవ్వుకోవచ్చు. కానీ పెఉరకు పూర్వం అడవి జంతువు అనే విశాలమైన అర్థం ఉండేది. సంస్కృత మృగం కూడా అంతే. అడవి జంతువు, లేడి, రెండర్థాలూ దానికున్నాయి. కాబట్టి యలొపెఉర అంటే దాదాపు మన మృగరాజే. రెండు చోట్లా ఎవరూ ఎవర్నీ చూసి రాయలేదు, ఆలోచన మాత్రం ఒక్కటే.

అయినా యలొపెఉర నిలవలేదు. దాని స్థానంలోకి అరువు మాట ‘లేయొన’ వచ్చింది. విడదీస్తే పూర్తిగా అర్థమయ్యే మాట పోయి, తప్పర్థం ఇచ్చే లొహిక్యార్మె మిగలడం విచిత్రంగా ఉంటుంది. దీనికి ఒక కారణం ఊహించవచ్చు. పెఉర అర్థం కుంచించుకుపోయి దుప్పికే పరిమితమయ్యాక, యలొపెఉర అంటే నిజంగా ఇంకో జంతువు కళ్లముందు మెదులుతుంది, అది అడ్డొస్తుంది. లొహిక్యార్మె విన్నవాడికి సాల్మన్ మెదిలినా, అలాంటి జంతువు లోకంలో లేదు కనుక గందరగోళం లేదు.

ఇప్పుడు ఈ మాట తనే కొత్త సమాసాలకు మొదలైంది. డ్రాగన్ ఫ్రూట్‌ను లొహిక్యార్మె పండు అంటారు, చైనీయుల పడవ పందేల పడవ లొహిక్యార్మె పడవ. వీటిలో చేపా లేదు, పామూ లేదు, ఎగరడమూ లేదు.

ఫిన్లాండ్ గల్ఫ్ అవతల ఎస్టోనియాలో మాత్రం మాట ఇంకో మలుపు తిరిగింది. వాళ్లకూ ‘లొహెమదు’ అనే రూపం ఉంది, మదు అంటే పాము. వాడుకలో వెనుక ఉన్న పాము రాలిపోయి ఉత్త ‘లొహె’ డ్రాగన్ అయింది. సాల్మన్‌ను వాళ్లు వేరే అచ్చుతో పలుకుతారు కాబట్టి అక్కడ చేప బెడద తక్కువ. స్వీడిష్‌లో గాలిపటానికీ డ్రాగన్‌కూ ఒకటే పేరు, జర్మన్‌లో దాదాపు ఒకటే. ఐస్లాండ్‌లో పాత ఎగిరే డ్రాగన్ ‘ఫ్లుగ్‌ద్రెకి’ ఇప్పుడు గాలిపటమే. ఎస్టోనియన్ పిల్లలు కూడా గాలిపటాన్ని లొహె అనే అంటారు. ‘ఎగిరే’ అని చెప్పడానికి బయలుదేరి, ఫిన్లాండ్ చేరేసరికి చేపగా మారిన ఆ సగం, అక్కడ దారం చివర మళ్లీ ఎగురుతోంది.